మిరియం కాటు

"సాయంత్రం కుక్క కోసం గోడౌన్ వాచ్‌మన్ వస్తాడు. దాని గిన్నె, తాడు, ఆ చింకి దుప్పటి అన్నీ ఒక సంచిలో వేసి గుమ్మం దగ్గర పెట్టు. రేపటి నుంచి దాని వెంట్రుక కూడా నా ఇంట్లో కనబడటానికి వీల్లేదు" అంది అత్తగారు.

కోడలు స్టవ్ ముందు నిలబడి ఉంది. గిన్నెలో పాలు అంచుదాకా వచ్చాయి. చూస్తూ ఊరుకుంది.

"నీతోనే!"

"వినబడింది అత్తయ్యా."

"వినబడితే ఊఁ అనాలి."

"ఊఁ అంటే ఒప్పుకున్నట్టు. నేను ఒప్పుకోలేదు."

పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి. అత్తగారు పరుగున వచ్చి మంట ఆర్పింది. "కోపం ఉంటే నా మీద చూపించు, పాల మీద కాదు" అంటూ మసిగుడ్డ విసిరింది. కోడలు ఆ గుడ్డ అందుకుని తుడవడం మొదలుపెట్టింది. ఆ తుడుపుకి స్టవ్ అరిగిపోవాలి.

గురువారం నుంచీ ఆ ఇంట్లో ఇదే వరస. ముందు గది సెలూన్, వెనక మూడు గదుల్లో కాపురం, మధ్యలో ఒక పరదా. అవతల కుర్చీలో కూర్చున్నవాడికి ఇవతల ఏం కూర ఉడుకుతోందో తెలుస్తుంది. ఇవతల వంట చేసేవాళ్లకి అవతలివాడి సంసారం గుట్టంతా తెలుస్తుంది. అలాంటి ఇంట్లో గురువారం మధ్యాహ్నం ఏం జరిగిందో మాత్రం ఎవరూ చూడలేదు. కోడలు కళ్లద్దాల షాపులో పనికి వెళ్లింది. అత్తగారు మార్కెట్టుకి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి మామగారి కుడిచేతి బొటనవేలు రక్తం ఓడుతోంది. మిరియం స్నానాలగదిలో బందీ. దాని వీపు మీద సగందాకా జుట్టు కత్తిరించే మిషన్ నడిచి నున్నగా గొరిగిన చారలు.

"మిషన్ నేనే పెట్టాను. బొచ్చు ఎక్కువైందని తీయబోయాను, కరిచింది. కరిచే కుక్క నాకొద్దు. అంతే" అన్నాడు మామగారు, ఆసుపత్రి నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ.

ఆ 'అంతే' తర్వాత ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు. వేలి నరం తెగిందో లేదో కట్టు విప్పాక గానీ చెప్పలేనని డాక్టరు అన్నాడట. కట్టు రేపు విప్పుతారు. అప్పటిదాకా కత్తెర పట్టే చెయ్యి ఒళ్లో పసిబిడ్డలా పడి ఉంది.

ఇంతకీ మిరియం అంటే మోకాలి ఎత్తు కూడా లేని టెర్రియర్ జాతి కుక్క. నల్లా తెల్లా కలిసిన గరుకు బొచ్చు, ముసలి తాసిల్దారు మీసం, ఆ మీసానికి తగ్గ గడ్డం. అది చిన్నదని దానికి ఎవరూ చెప్పలేదు, చెప్పినా నమ్మే రకం కాదు. ఎద్దంత కుక్క ఎదురైనా ముందు మొరిగేది ఇదే. పూలకుండీలన్నీ తవ్విపోసింది. సామాన్ల గదిలో ఎలుకల వంశాన్ని నిర్మూలించి, ఒక్కొక్కదాన్నీ తెచ్చి అత్తగారి చెప్పుల మీద పెట్టింది. అది దాని దృష్టిలో కానుక, అత్తగారి దృష్టిలో అవమానం. పెళ్లయి వచ్చినప్పుడు కోడలు ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో దీన్ని పట్టుకుని గడప దాటింది. ఆ రోజే అత్తగారు "ఒక కోడలు అనుకుంటే ఇద్దరు వచ్చారే" అంది. అందులో సగం వేళాకోళం, సగం నిజం.

మామగారు మాత్రం మొదటిరోజే దాని గడ్డం పట్టుకుని చూసి, "వీడికి పని చేసినవాడెవడో గట్టివాడే" అన్నాడు.

"నేనే మామయ్యా" అంది కోడలు.

"కత్తెరా, మిషనా?"

"రెండూ కాదు, వేళ్లు. ఈ జాతికి మిషన్ పెట్టకూడదు. పైన గరుకు బొచ్చు, లోపల మెత్తటి బొచ్చు ఉంటాయి. పైది పండిపోయినప్పుడు వేళ్లతో లాగితే నొప్పి లేకుండా వచ్చేస్తుంది. కోస్తే మాత్రం చచ్చిన వెంట్రుక మొదలు లోపలే ఉండిపోతుంది. ఆ తర్వాత మొలిచేది దూదిలా మొలుస్తుంది. దురద, పుండ్లు, నానా యాతన."

"కోడిని పీకినట్టు కుక్కని పీకుతావా!" అని మామగారు విరగబడి నవ్వాడు. మర్నాడు మౌనంగా వచ్చి కళ్లజోడు పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. ఆ నెలాఖరుకి ఆమెకంటే బాగా లాగడం నేర్చుకున్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నాలుగే వెంట్రుకలు పట్టుకుని, పెరిగిన దిక్కుకే లాగడం. షాపు సెలవు రోజున మధ్యాహ్నమంతా ఇద్దరికీ అదే పని. బల్ల మీద మిరియం నిద్రపోయేది.

కుర్చీలో ఎవరు కూర్చున్నా మామగారు చెప్పేవాడు: "నా పనితనం చేతిలో ఉంది. మా కోడలి పనితనం వేళ్లలో ఉంది. మావాడిది ఎక్కడుందో ఇంకా వెతుకుతున్నాం!" కుర్చీలో ఉన్నవాడు నవ్వేవాడు. పక్క కుర్చీ దగ్గర నిలబడ్డ కొడుకూ నవ్వేవాడు.

అలాంటి మనిషి, ఆ చేత్తోనే, మిరియం మీద మిషన్ పెట్టాడు! తెలియనివాడు చేస్తే పొరపాటనుకోవచ్చు. అన్నీ తెలిసినవాడు చేస్తే ఏమనాలి? గురువారం నుంచీ కోడలు మామగారితో మాట్లాడలేదు. అన్నం పెట్టింది, మందులిచ్చింది, మంచినీళ్ల గ్లాసు ఎడమచేతికి అందేలా పెట్టింది. మాట మాత్రం లేదు. మాటల్లేని ఆ సేవకి ఆయన ముద్ద మింగలేకపోతున్నాడని ఆమెకి తెలుసు. తెలిసే చేసింది.

స్టవ్ తుడవడం అయ్యేసరికి మొగుడు పరదా తప్పించుకుని లోపలికి వచ్చాడు. భుజం మీద తువ్వాలు, చొక్కా మీద ఎవరివో తెల్ల వెంట్రుకలు.

"టీ ఉందా?"

"పాలు పొంగిపోయాయి."

"అయితే మంచినీళ్లియ్యి."

గడప దగ్గర పడుకున్న మిరియం లేచి మంచం కిందికి పోయింది. దెబ్బ తగిలినప్పటి నుంచీ దానికి అన్నీ భయాలే అనుకుంది కోడలు. గ్లాసు అతని చేతికివ్వకుండా గట్టు మీద పెట్టింది.

"సాయంత్రం తీసుకుపోతాడట. మీరేమంటారు?"

"నాన్న చెప్పాడుగా."

"నాన్నగారు చెప్పింది విన్నాను. నేనడిగింది మీ మాట."

"నేననేదేముంది? ఇంటి పెద్ద ఆయన. పైగా ఆ వేలు చూశావుగా."

"చూశాను. వీపు కూడా చూశాను. వేలికి డాక్టరు, ఇంజక్షన్లు, పరామర్శలు. వీపుకి గోడౌన్!"

"అరవకు, షాపులో మనుషులున్నారు."

"ఉండనివ్వండి. ఆ గోడౌన్‌లో ఏం చేస్తారో తెలుసా మీకు? ఇనప గేటుకి గొలుసేసి కడతారు. ఇదేమన్నా పడుకుని కునికే జాతా? దీనికి పొద్దస్తమానం పని కావాలి. తవ్వాలి, వాసన పట్టాలి, వెంటపడాలి, లేదా మనిషితో ఆడాలి. రెండు మూరల గొలుసుకి కడితే అరిచి అరిచి దానికి పిచ్చెక్కుతుంది. అప్పుడు నిజంగానే కరిచే కుక్క అవుతుంది. అప్పుడు కర్ర తీస్తారు. కర్ర చూపిస్తే తోక ముడిచే రకం కాదిది, మీదికే వస్తుంది. ఆ తర్వాత ఏమవుతుందో నన్ను చెప్పమంటారా?"

అతను గ్లాసు ఖాళీ చేశాడు. మూతి తుడుచుకున్నాడు.

"కుక్కేగా" అన్నాడు.

కోడలికి ఒళ్లు భగ్గుమంది. "ఆ మాట ఇంకోసారి నా ముందు అనకండి. గురువారం మీరు ఇంట్లోనే ఉన్నారు. మీ నాన్నగారు మిషన్ తీస్తుంటే వద్దని ఒక్కమాట అనలేకపోయారా? నోట్లో ఏం పెట్టుకున్నారు?"

"నేను... వెనకాల తువ్వాళ్లు ఆరేస్తున్నాను."

"తువ్వాళ్లు!"

"అవును, తువ్వాళ్లు" అన్నాడు. ఆమె మొహం చూడకుండానే పరదా దాటి వెళ్లిపోయాడు. అత్తగారు అటకమీది సంచి దింపుతూ, "మగవాడిని అలా నిలదీస్తే ఏ మగవాడూ ఇంటిపట్టున ఉండడు" అంది.

"ఇంటిపట్టున ఉండే ఏం చేశారు అత్తయ్యా, తువ్వాళ్లు ఆరేశారు" అంది కోడలు. అత్తగారు సంచి దులపడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం పెరట్లో ఆమె మిరియాన్ని బట్టలుతికే రాయి మీద నిలబెట్టింది. పశువుల డాక్టరిచ్చిన లేపనం వేలికి తీసుకుంది. చివరిసారి. ఏడిస్తే కోపం కరిగిపోతుందని ఆమె భయం. అందుకే తిట్టింది.

"వెధవా! అందరినీ వదిలేసి ఆయన చెయ్యే దొరికిందా నీకు? వారంలో సగం రోజులు ఆయన ఒళ్లోనే పడుంటావుగా! కరిస్తే కరిచావు, అంత లోతుగానా?"

మిరియం గడ్డం ఆమె మణికట్టు మీద ఆనించింది. దానికి తిట్లు కొత్త కాదు. తిట్టేవాళ్ల చేతి వాసనని బట్టి తిట్టు విలువ కట్టడం దానికి తెలుసు.

గొరిగిన చోట చర్మం ఎర్రగా కమిలి ఉంది. పొట్ట పక్కన మిషన్ వేడికి కాలిన మచ్చ. ఆమె వేలు మెడ వైపు నుంచి నెమ్మదిగా కిందికి జరిగింది. ఒకచోట వేలు ఆగింది. చిన్న గట్టులా తగిలింది. మిషన్ పోయిన దారి అక్కడ ముగిసి, బొచ్చు ఒక్కసారిగా లేచింది. పక్క దారి కూడా అలాగే ముగిసింది. దాని పక్కదీ అంతే. మూడూ నున్నగా వచ్చి, మూడూ చివర్లో మెట్టు కట్టాయి.

ఆమె మళ్లీ తడిమింది. ఈసారి కళ్లు మూసుకుని తడిమింది.

కాపురానికి వచ్చిన మర్నాటి నుంచీ పరదా అవతల ఆమె వింటున్న కేక ఒకటుంది. రోజుకి ఒక్కసారైనా మామగారు కొడుకు మీద వేసే కేక. "మణికట్టు ఎత్తకురా! చివర్లో ఎత్తితే మెట్టు పడుతుంది. జనం తలల మీద మెట్లు కట్టడానికి మనం మేస్త్రీలమా?"

మామగారి చేతిలో మిషన్ మెట్టు కట్టదు. ఎవరి తల వెనకైనా ఆయన పని ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో దేవుడికే తెలియాలి. కుక్క కదిలినా, నేల కదిలినా ఆ చేతికి ఈ గట్లు రావు.

కోడలు రాయి మీదే కూలబడింది. ఎన్నెన్ని కళ్లెదుటే ఉన్నాయి! గురువారం నుంచీ మిరియం రోజూ వెళ్లి మామగారి కాళ్ల దగ్గర కూర్చుంటోంది. ఆ కట్టు వాసన చూస్తోంది. "ఛీ పో" అని ఆయన కసురుతున్నాడు గానీ కాలు తీయడం లేదు. మొగుడు గదిలోకి వస్తే మాత్రం అది మంచం కిందికి పోతోంది. ఎవరికీ వెనకడుగు వేయని జాతి, ఒక్క మనిషికి వెనకడుగు వేస్తోంది. పగలంతా ఊరందరి చూపూ సరిచేసే షాపులో పని చేస్తూ, ఇంట్లో తన కళ్లు ఏ గంగలో కలిశాయి?

ఆమె లేచి నేరుగా సెలూన్‌లోకి నడిచింది. షట్టర్ సగం దించి ఉంది. మొగుడు భోజనం చేసి బయటికి వెళ్లాడు. మామగారు తన కుర్చీలోనే, అద్దానికి ఎదురుగా కూర్చున్నాడు. ఆమె అద్దంలోనే ఆయన్ని చూసింది.

"మామయ్యా, మిషన్ పెట్టింది మీరేనా?"

గురువారం తర్వాత ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట. ఆయన మొహం ఒక్క క్షణం వెలిగి, ప్రశ్న అర్థమయ్యాక ఆరిపోయింది.

"చెప్పానుగా."

"మెట్లు పడ్డాయి."

ఆయన అద్దంలోంచి కళ్లు పక్కకి తిప్పుకున్నాడు.

"మూడు చోట్ల పడ్డాయి. నేను తడిమి చూశాను."

"వయసైపోయిందమ్మా. చెయ్యి..."

"మీ చేతి మీద మీరే నింద వేసుకోకండి మామయ్యా, నేను వినలేను. అది కరవాలనుకుంటే మిషన్ పట్టిన చేతిని కరుస్తుంది. మీ చెయ్యి మధ్యలోకి ఎలా వచ్చింది? మీరు అడ్డం పెడితే వచ్చింది. అవునా, కాదా?"

మామగారు ఎడమచేత్తో మొహం తుడుచుకున్నాడు. "అది అరిచిన అరుపు నువ్వు వినలేదు. నేను లోపల కాస్త కునుకు తీస్తున్నాను. వచ్చి చూస్తే వీడు దాన్ని మోకాలి కింద తొక్కిపెట్టి..." ఆగిపోయాడు. "మిషన్ మండిపోతోంది. లాగేద్దామని చెయ్యి పెట్టాను. దానికేం తెలుసు ఎవరి చెయ్యో."

"ఎందుకు చేశారట?"

"రోజంతా కూర్చుని పీకేదాన్ని ఐదు నిమిషాల్లో చేసి చూపిస్తానన్నాడు. నాకు చూపించాలని." ఆయన గొంతు దిగిపోయింది. "తప్పు నాదేనమ్మా. నలుగురిలో వాడి మీద జోకులేసింది నేనే. వాడూ నవ్వుతున్నాడుగా అనుకున్నాను. ఇప్పుడీ సంగతి కూడా బయటపడితే వాడు ఆ కుర్చీ దగ్గర మళ్లీ తలెత్తుకుని నిలబడగలడా? ఊరుకో. కుక్క పోతే గొడవ పోతుంది."

"మీరు దాన్ని కాపాడటానికి చెయ్యి అడ్డం పెట్టారు. ఆ తర్వాత మీ అబ్బాయిని కాపాడటానికి దాన్నే అడ్డం పెట్టారు!"

"కుక్కే కదమ్మా" అన్నాడు ఆయన, మెల్లగా, బతిమాలుతున్నట్టు.

తండ్రీకొడుకుల నోట ఒకే మాట! పొద్దున మొగుడు అన్నప్పుడు మండిన మంట ఇప్పుడు రెట్టింపైంది. ఈయన్ని ఆమె వేరే అనుకుంది. అదీ ఆమె బాధ.

"మామయ్యా, మీ వంతు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. మీరు చెయ్యని తప్పు మీ నెత్తిన పడుతుంది. నోరులేని వాళ్లకి ఎలా ఉంటుందో ఆ రోజు తెలుస్తుంది" అని పరదా విసురుగా లాగి లోపలికి పోయింది.

సాయంత్రం గోడౌన్ వాచ్‌మన్ వచ్చాడు. బుర్ర మీసాలు, చేతిలో దున్నపోతుని కట్టేసేంత గొలుసు. మొగుడు అప్పుడే వచ్చి దువ్వెనలు కడుగుతున్నాడు. మామగారు గోడవారన బల్ల మీద ఉన్నాడు. అత్తగారు సంచి తెచ్చి గుమ్మంలో పెట్టింది. పెట్టింది గానీ, చింకి దుప్పటిని ఉతికి మడత పెట్టింది. ఆ మడత కోడలి కంటబడింది.

"ఏదీ ఆ రౌడీ?" అన్నాడు వాచ్‌మన్. "కరిచేదే కావాలి నాకు. రాత్రిళ్లు గోడ దూకే వాళ్లకి దడ పుట్టాలి."

కోడలు మిరియాన్ని తెచ్చి సెలూన్ మధ్యలో దించింది. అది వాచ్‌మన్ని చూసి మీసం ఎగరేసి గట్టిగా మొరిగింది. వాచ్‌మన్ ఒకడుగు వెనక్కేసి, "అబ్బో!" అని మెచ్చుకున్నాడు.

"తాడు ఇదిగో" అంటూ కోడలు మొగుడి ముందు చెయ్యి చాపింది. "మీరే కట్టి ఇవ్వండి."

"నేనెందుకు? నువ్వే కట్టు."

"నా చేతులతో కట్టలేను. మీకు కుక్కేగా. కట్టండి."

అతను తండ్రి వైపు చూశాడు. తండ్రి నేల చూపులు చూస్తున్నాడు. అత్తగారు, "కట్టరా, ఎంతసేపు!" అంది. అతను తడి చేతులు చొక్కాకి తుడుచుకుని, తాడు తీసుకుని వంగాడు.

మిరియం మొరగడం ఆపేసింది. చెవులు తలకి అంటుకుపోయాయి. ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ పోయి, మామగారు కటింగ్ చేసే కుర్చీ కాలికి తగిలి ఆగింది. ఇంక వెనక్కి పోవడానికి దారి లేదు. అతని చెయ్యి దగ్గరికి వచ్చేసరికి అది నిలబడ్డచోటే ఉచ్చ పోసుకుంది.

ఎద్దంత కుక్క మీదికి ఎగిరే మిరియం! వీధి వీధంతా ఎరిగిన మిరియం! గదిలో ఎవరూ కదల్లేదు. తడి మరక నేల మీద నెమ్మదిగా పాకి అతని చెప్పు దాకా వచ్చింది.

అత్తగారు కుక్కని చూసింది. కొడుకుని చూసింది. తన మొగుడి చేతి కట్టు చూసింది. ఎన్నో కాపురాలు చూసిన మనిషి, ఆమెకి విడమర్చి చెప్పనక్కర్లేదు.

"ఒరేయ్" అంది. "తువ్వాళ్లు ఆరేస్తున్నానన్నావు గదరా."

అతను లేచి నిలబడ్డాడు. చేతిలో తాడు వేలాడుతోంది.

వాచ్‌మన్ పెదవి విరిచాడు. "ఇదేం కుక్కండీ బాబూ! కరుస్తుందంటే వచ్చాను. మనిషి చెయ్యి చూసి తడిపేసుకునేదాన్ని గేటు దగ్గర పెట్టుకుంటే దొంగలే దానికి ధైర్యం చెప్పాలి. నాకొద్దు." గొలుసు భుజాన వేసుకుని షట్టర్ కింద నుంచి వంగి బయటపడ్డాడు.

బయటపడుతున్న అతనికి ఎదురుగా పోస్టాఫీసు గుమాస్తా లోపలికి వచ్చాడు. మామగారికి పాత ఖాతాదారు. ఆయన చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి తన తల మీద పడనివ్వని మనిషి. గదిలో గాలి ఎలా ఉందో గమనించకుండా ఎప్పటిలాగే కుర్చీలో కూర్చున్నాడు. అద్దంలో కట్టు చూసి గిరుక్కున తిరిగాడు.

"అయ్యయ్యో, ఆ చేతికేమైంది పెద్దాయనా? వీధిలో ఏదో కుక్క అంటున్నారు. మీ కుక్కేనా కరిచింది?"

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోడలు మొగుడి ఎదుటికి వచ్చి నిలబడింది.

"ఆయన అడుగుతున్నారు. చెప్పండి. మీకంటే బాగా తెలిసినవాళ్లు ఈ గదిలో లేరు."

అతని కళ్లు అద్దంలో అందరి మొహాల మీదా తిరిగాయి. భార్య, తల్లి, తండ్రి, గుమాస్తా, కుర్చీ కాలి పక్కన వణుకుతున్న మిరియం. గొంతు సవరించుకున్నాడు. ఆ ఒక్క క్షణం కోడలికి ఆశ పుట్టింది. ఎంత కోపంలోనూ మొగుడి మీద ఆశ పుడుతుందని ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"కుక్క కాదండీ" అన్నాడు అతను. "అది పాపం ఏమీ చెయ్యలేదు. నాన్నే... కత్తెర జారి... కోసుకున్నాడు."

గుమాస్తా మొహం మెత్తబడింది. మామగారి వైపు జాలిగా చూశాడు. "పోనీలెండి పెద్దాయనా. వయసు మీద పడ్డాక ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. ఇంక మీరు విశ్రాంతి తీసుకోండి. అబ్బాయి ఉన్నాడుగా."

ఇంతకంటే పెద్ద మాట ఆ గదిలో ఏనాడూ ఎవరూ అనలేదు. మామగారి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన ముందు కొడుకుని చూశాడు. తర్వాత కోడల్ని చూశాడు. ఆమె కళ్లు దించలేదు. మధ్యాహ్నం అనాల్సింది అనేసింది.

ఆయన లేచి అద్దం ముందుకి వచ్చాడు. ఎడమచేత్తో కట్టు ముడి పట్టుకున్నాడు. రాకపోతే పళ్లతో లాగాడు.

"ఏమండీ! రేపటిదాకా విప్పొద్దన్నాడు డాక్టరు!" అత్తగారు పరుగెత్తుకొచ్చింది. ఆయన మోచేత్తో ఆమెని ఆపేశాడు. తెల్లటి గుడ్డ చుట్టలు చుట్టలుగా నేల మీద పడింది.

"చిన్నప్పటి నుంచీ నీ తల నా చేతిలో పెట్టావు" అన్నాడు గుమాస్తాతో. గొంతు కోపంతో బొంగురుపోయింది. "ఒక్కసారైనా నీ చెవి గీసుకుందా? ఒక్క గాటు పడిందా? చూడు. కళ్లు పెట్టి చూడు. ఇది కత్తెర గాటేనా?"

గుమాస్తా వంగి చూశాడు. బొటనవేలి మొదట్లో ఇటు రెండు, అటు రెండు, గుండ్రటి గాట్లు.

"ఇవి... పళ్లండీ" అన్నాడు.

"పళ్లే. ఎవరి పళ్లో, ఎందుకు దిగాయో మావాడు చెబుతాడు. అడుగు. నా చెయ్యి వణకదని మాత్రం ముందు నేను చూపిస్తాను." బల్ల మీది కత్తెర కోసం చెయ్యి చాపాడు. నాలుగు వేళ్లూ కత్తెర మీద ముడుచుకున్నాయి. బొటనవేలు మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది. ఆయన దాని వంక చూశాడు. పళ్లు బిగించి మళ్లీ వంచబోయాడు.

వేలు వంగలేదు.

కత్తెర జారి ఖంగుమని నేల మీద పడింది. ఆ చప్పుడుకి మిరియం అదిరిపడి మూలిగింది. ఈసారి గదిలో ఒక్కరూ కుక్క వైపు చూడలేదు.